రెండు వార్తల మధ్య జారిపోయే ఊరు

2024 జూన్ 12న ఒకే రోజు ఇద్దరు ముఖ్యమంత్రులు ప్రమాణం చేశారు. ఉదయం గన్నవరం దగ్గర కేసరపల్లిలో ఆంధ్రప్రదేశ్‌కు చంద్రబాబు నాయుడు, సాయంత్రం భువనేశ్వర్ జనతా మైదానంలో ఒడిశాకు మోహన్ చరణ్ మాఝీ. ప్రధానమంత్రి ఉదయం అక్కడ, సాయంత్రం ఇక్కడ వేదిక మీద కనిపించారు. ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ ఊళ్లలో తెలుగు ఛానళ్లు పెట్టుకునే ఇళ్లకు ఆ రోజంతా మోగింది ఉదయపు సభే. ఆ ఇళ్ల రేషన్ కార్డు, భూమి పట్టా, పిల్లల బడి, పదో తరగతి పరీక్ష మాత్రం సాయంత్రం సభలో ప్రమాణం చేసిన ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. పైగా అది మామూలు మార్పు కాదు. నవీన్ పట్నాయక్ 2000 మార్చి నుంచి 24 ఏళ్లు ఏకధాటిగా ఆ పదవిలో ఉన్నారు. ఆ రోజు పదిహేనేళ్లున్న కుర్రవాడికి తాను పుట్టిన రాష్ట్రంలో మరో ముఖ్యమంత్రిని చూడటం అదే మొదటిసారి. దాన్ని అతను ఎంత శ్రద్ధగా గమనించాడన్నదే ప్రశ్న.

ఈ వయసు పిల్లలు వార్తలు పట్టించుకోరని, ఫోను వదలరని అన్ని చోట్లా వినిపించే ఫిర్యాదు ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు ఇళ్లలోనూ వినిపిస్తుంది. ఇక్కడ దానికి అదనంగా మరో కారణం ఉంది, దాన్ని బద్ధకం ఖాతాలో వేయడం అన్యాయం. సరిహద్దు పిల్లలకు వార్తలు తక్కువై కాదు, రెండింతలై అందుతున్నాయి. తెలుగు వార్త శ్రీకాకుళం నుంచి అమరావతి వైపు చూస్తుంది. ఒడియా వార్త బరంపురం నుంచి భువనేశ్వర్ వైపు చూస్తుంది. రెండూ వీపులు ఆనించి కూర్చున్న చోట ఉన్నది పిల్లవాడి ఊరు. తన ఊరి పేరు వార్తలో లేనప్పుడు వార్త అంటే ఎవరో పెద్దవాళ్ల గొడవ అనుకోవడం పద్నాలుగేళ్ల మనసుకు సహజం.

చెవికి ఒక భాష, కంటికి ఒక భాష

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం, కోరాపుట్ ప్రాంతాలు అందులో చేరాయి. పర్లాకిమిడి జమీందారీలో ఎక్కువ భాగం అటు వెళ్లింది. ఆ ఊళ్లో దశాబ్దాలపాటు ఉపాధ్యాయుడిగా పనిచేసి, అక్కడి గిరిజనుల సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు సమకూర్చిన గిడుగు వేంకట రామమూర్తి ఆ ఏడాదే ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. బడిలో, పత్రికలో మనుషులు మాట్లాడుకునే తెలుగే ఉండాలని జీవితమంతా పోరాడిన మనిషి నడిచిన వీధుల్లో ఇప్పుడు మాట్లాడే తెలుగు ఉంది, చదివే తెలుగు కరువైంది. ఇందులోని వ్యంగ్యం ఆ ఊరివారికి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన అందేలా చూడాలని రాజ్యాంగం 350ఎ అధికరణ చెబుతుంది. అమలు ఎలా ఉందన్నది వేరే చర్చ. ఆ అధికరణ చెప్పేది ప్రాథమిక దశ గురించే అన్న సంగతి మాత్రం గమనించాలి. వార్తలు అర్థం కావడం మొదలయ్యేది ఆ దశ దాటాకే. అలా ఎనిమిదో తరగతికి వచ్చేసరికి చాలామంది పిల్లలది ఒక విచిత్రమైన స్థితి. తెలుగులో చర్చా కార్యక్రమం మొత్తం విని అర్థం చేసుకోగలరు, తెలుగు దినపత్రికలో ఒక పేరా చదవాలంటే అక్షరాలు కూడబలుక్కోవాలి. ఒడియా పత్రిక గడగడా చదవగలరు, ఇంటికి ఒడియా పత్రిక రాదు. చెవికి అందే వార్త ఒక రాష్ట్రానిది, కంటికి అందగల వార్త మరో రాష్ట్రానిది.

తెలుగు దినపత్రికలు పర్లాకిమిడి, రాయగడ, జయపురం పేర్లతో ఒడిశా వార్తలు వేస్తూనే ఉన్నాయి. అవి ఉండటం మేలే. వాటిలో ఎక్కువగా కనిపించేవి ప్రమాదాలు, పండుగలు, అధికారుల పర్యటనలు. ఒడిశా శాసనసభ ఏ చట్టం చేసింది, బడ్జెట్‌లో పర్లాకిమిడి, కాశీనగర్ ఉన్న గజపతి జిల్లాకు ఏమి వచ్చింది, బోర్డు పరీక్ష పద్ధతి ఎందుకు మారింది అన్న వార్త తెలుగులో దొరకాలంటే వెతకాలి. పదిహేనేళ్లవాడు వెతకడు. ఆ మాటకొస్తే నలభై ఏళ్లవాడూ వెతకడు.

ఈ లోటునే ఒక పనిముట్టుగా మార్చుకోవచ్చు. తెలుగు చదవగలిగిన తాతయ్య లేదా నాన్న, ఒడియా చదవగలిగిన మనవడు లేదా కూతురు, ఇద్దరూ కలిస్తేనే ఒక పూర్తి పాఠకుడు అయ్యే ఇళ్లు ఇవి. తాతయ్య తెలుగు పత్రికలో ఒక వార్త పైకి చదివితే, అదే విషయం మీద ఒడియా పత్రికలో వచ్చినదాన్ని మనవడు పైకి చదివి తెలుగులో చెప్పాలి. వారానికి ఒక వార్త చాలు. ఇందులో పెద్దవాడు గురువు కాదు, పిల్లవాడు శిష్యుడూ కాదు. ఒకరికి తెలియని లిపి మరొకరి దగ్గర ఉంది. కౌమారంలో ఉన్నవారికి ఉపదేశం గిట్టదని అందరికీ తెలుసు. తాము లేకపోతే పని జరగదు అన్న స్థానం ఇస్తే మాత్రం కూర్చుంటారు. ఏకభాషా కుటుంబాలకు ఈ వెసులుబాటు లేదు.

ఒక నది, రెండు పత్రికలు

ఏ వార్తతో మొదలుపెట్టాలి? ఢిల్లీతోనో, ఏ దూరదేశపు యుద్ధంతోనో మొదలుపెట్టడం మనకు అలవాటు. వాటికి సమయం తర్వాత వస్తుంది. కాశీనగర్ పిల్లలకు వంశధార ఉంది.

వంశధార నియమగిరి కొండల ప్రాంతంలో పుట్టి, గుణుపురం, కాశీనగర్ మీదుగా శ్రీకాకుళం జిల్లాలోకి దిగి, గొట్టా బ్యారేజీ దాటి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నది మీద నేరడి దగ్గర బ్యారేజీ కట్టాలన్నది ఆంధ్రప్రదేశ్ పాత కోరిక. అది కడితే తన వైపు భూములు దెబ్బతింటాయన్నది ఒడిశా పాత భయం. 2010లో కేంద్రం వంశధార జల వివాదాల ట్రైబ్యునల్ వేసింది. 2017 సెప్టెంబరు 13న వచ్చిన తీర్పు నీటిని రెండు రాష్ట్రాలకూ సగం సగం అన్న సూత్రాన్ని నిలబెట్టింది, నేరడి బ్యారేజీకి అనుమతి ఇచ్చింది. దానికి ఒడిశా వైపున 106 ఎకరాలు కావాలి. ఒడిశా సుప్రీంకోర్టు మెట్లెక్కింది. 2021 నవంబరు 9న అప్పటి ముఖ్యమంత్రులు జగన్‌మోహన్ రెడ్డి, నవీన్ పట్నాయక్ భువనేశ్వర్‌లో కలిసి మాట్లాడుకున్నప్పుడు చర్చకు వచ్చిన అంశాల్లో ఇదీ ఒకటి.

ఈ కథ మీద వచ్చిన ఏ తెలుగు వార్తనైనా, ఏ ఒడియా వార్తనైనా పక్కపక్కన పెట్టండి. సంగతులు దాదాపు ఒకటే. క్రియాపదాలు మారిపోతాయి. ఒకదానిలో పక్క రాష్ట్రం ‘అడ్డుపడుతుంది’, రెండోదానిలో మన రాష్ట్రం ‘కాపాడుకుంటుంది’. ఒకదానిలో సాగులోకి వచ్చే ఎకరాల లెక్క ముందు వస్తుంది, రెండోదానిలో ముంపునకు గురయ్యే ఊళ్ల లెక్క ముందు వస్తుంది. ఎవరూ అబద్ధం ఆడి ఉండకపోవచ్చు. వరుస మార్చితే చాలు, కథ మారిపోతుంది. ఈ ఒక్క సంగతి పద్నాలుగేళ్లకు స్వయంగా కనిపెట్టినవారికి తర్వాత పక్షపాతం గురించి పాఠం చెప్పే అవసరం రాదు. విజయవాడలోనో కటక్‌లోనో పెరిగే పిల్లలకు ఇది కనిపెట్టే అవకాశం ఇంత సులువుగా దొరకదు. వారికి ఒక వైపే వినిపిస్తుంది.

ఆ పైన ఇంకో మెట్టు ఉంది. రెండు పత్రికల్లోనూ లేనిది ఏమిటి? కాశీనగర్ దగ్గర నదిలో ఇసుక, ఒడ్డున కూరగాయల మడులు, ఎండాకాలం తాగునీటి బోర్లు. బ్యారేజీ కడితే వీటికి ఏమవుతుంది, కట్టకపోతే ఏమవుతుంది? అది రాజధానుల నుంచి వచ్చే వార్తలో అరుదుగా ఉంటుంది. ఆ ప్రశ్న రైతును అడగవలసింది, నీటిపారుదల కార్యాలయాన్ని అడగవలసింది. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. పది రూపాయల రుసుముతో అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. బడి పిల్లలు తమ ఉపాధ్యాయుడి పేరుతో ఒక దరఖాస్తు రాసి పంపితే, జవాబు వచ్చినా రాకపోయినా, వార్త ఎలా పుడుతుందో వారికి అర్థమవుతుంది.

కొఠియా పాఠం

దీనికంటే పదునైన ఉదాహరణ కొఠియా. కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకూ, ఆంధ్రలో ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సాలూరు మండలానికీ మధ్య ఉన్న 21 పల్లెలను రెండు రాష్ట్రాలూ తమవే అంటున్నాయి. ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006లో ఆ దావా తీర్పు లేకుండానే ముగిసింది, యథాతథ స్థితి కొనసాగించమన్న మాట మిగిలింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ మూడు పంచాయతీలకు ఎన్నికలు జరిపినప్పుడు ఒడిశా కోర్టు ధిక్కారం కింద మళ్లీ సుప్రీంకోర్టును ఆశ్రయించింది.

ఇందులో ముందు గమనించవలసింది పేర్లు. ఆంధ్ర వైపు కాగితాల్లో పట్టుచెన్నూరు అయిన ఊరు ఒడిశా వైపు కాగితాల్లో ఫట్టుసెనేరి. ఒక పత్రిక చదివిన పిల్లవాడు, రెండో పత్రిక చదివిన పిల్లవాడు ఒకే ఊరి గురించి మాట్లాడుకుంటూ వేర్వేరు ఊళ్లనుకునే ప్రమాదం ఉంది. పేరు ఎలా పలకాలన్న దగ్గరే దావా మొదలవుతుంది.

తర్వాతిది మాట. ‘యథాతథ స్థితి’ అంటే ఏమిటని తెలుగు పత్రిక రోజూ చదివే పెద్దలను అడిగి చూడండి, సగంమంది తడుముకుంటారు. ఉన్నది ఉన్నట్టు ఉంచమని. సరే, ఏది ‘ఉన్నది’? బడి కట్టడం ఉన్నదాన్ని మార్చడమా? పింఛను ఇవ్వడమా? ఎన్నిక జరపడమా? గొడవంతా ఆ ఒక్క ముక్క చుట్టూ తిరుగుతోంది. పత్రికల్లో ఇలాంటి మాటలు రోజుకు పది దొర్లుతాయి: ధిక్కార పిటిషన్, మధ్యంతర ఉత్తర్వు, అఖిలపక్షం, శ్వేతపత్రం. పిల్లలు వార్త వదిలేసేది ఆసక్తి లేక కాదు, మూడో వాక్యంలో ఇలాంటి రాయి తగిలి. ఇంట్లో గోడ మీద ఒక కాగితం అంటించి, వారానికి రెండు మాటలకు సొంత మాటల్లో అర్థం రాసుకుంటే ఏడాదికి నూరు మాటలు దాటతాయి. దినపత్రిక చదవడానికి అంతకంటే ఎక్కువ అక్కరలేదు.

కొఠియా విషయంలో పిల్లలు సులువుగా పడే గొయ్యి ఒకటుంది. భారత్–పాకిస్తాన్ క్రికెట్ చూసినట్టు చూడటం. పర్లాకిమిడి తెలుగు కుర్రవాడికి అది మరీ ఇబ్బంది. ఇంట్లో భాష ఒక జట్టు, బడిలో జెండా మరో జట్టు. తరగతిలో ఎవరైనా ‘మీ ఆంధ్రావాళ్లు’ అని మాట విసిరితే, తాను ఒడిశాలో పుట్టి ఒడిశాలో పెరిగినవాడినని వాదించుకోవలసి వస్తుంది. ఇలాంటి చోట వార్త తెలియడం వాదనలో గెలవడానికి పనికిరాదు, మరో ప్రశ్న అడగడానికి పనికొస్తుంది. ఆ పల్లెల్లో ఎక్కువమంది కోండు తెగవారు. రెండు రాష్ట్రాల ఓటరు జాబితాల్లోనూ పేర్లున్నవారు అక్కడ ఉన్నారని వార్తలు చాలాకాలంగా వస్తూనే ఉన్నాయి. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్ అంతటా, ఒడిశాలో కోరాపుట్ లోక్‌సభ స్థానం పరిధిలోనూ ఒకే రోజు పోలింగ్ జరిగింది. రెండు ప్రభుత్వాలు పోటీపడి పథకాలు ఇస్తున్న చోట అక్కడివారు ఏ భాషలో ఏమంటున్నారు? తెలుగు వార్తలో వారు ‘మన గిరిజనులు’, ఒడియా వార్తలోనూ ‘మన గిరిజనులు’. వారి సొంత మాట ఎక్కడ ఉందని అడిగే పిల్లవాడు అప్పటికే మంచి పాఠకుడు. గజపతి జిల్లాలో అతని పక్క బెంచీలో సవర పిల్లవాడు కూర్చుని ఉంటాడు కాబట్టి ఆ ప్రశ్న అతనికి పుస్తకంలోది కూడా కాదు.

గాలివాన వచ్చినప్పుడు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెలుగు ఛానళ్లు ఉద్దానం కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకూలడం చూపించాయి. అది నిజమైన విషాదమే. అదే తుపాను కొండల్లోకి ఎక్కి గజపతి జిల్లాలో కుండపోత కురిపించింది. బరఘరా అనే పల్లె దగ్గర కొండచరియ విరిగిపడి, గుహలాంటి చోట తలదాచుకున్న పదిమందికి పైగా చనిపోయారు. పర్లాకిమిడి పిల్లవాడికి ఆ ఊరు ఉద్దానం కంటే దూరమేమీ కాదు. అది ఒడియా వార్త.

తుపానుల విషయంలో తెలుగు వార్తలే చూసే ఈ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. వాతావరణ శాఖకు భువనేశ్వర్‌లో ఒక కేంద్రం, అమరావతిలో ఒకటి, విశాఖపట్నంలో తుపాను హెచ్చరికల కేంద్రం ఉన్నాయి. శ్రీకాకుళానికి నారింజ రంగు హెచ్చరిక ఉన్న రోజున గజపతికి ఎరుపు రంగు ఉండవచ్చు, కొండలు ఉన్నాయి కాబట్టి. తెలుగు టీవీ మాత్రమే చూసే ఇల్లు తనది కాని జిల్లా హెచ్చరిక విని నిశ్చింతగా పడుకుంటుంది. ఇక్కడ పదిహేనేళ్లవాడికి ఒక పని ఇవ్వవచ్చు. గాలివాన సూచన వచ్చిన రోజు వాతావరణ శాఖ జిల్లాలవారీ పటం ఫోనులో తెరిచి, తమ జిల్లా ఏ రంగులో ఉందో, ఆ రంగుకు అర్థమేమిటో ఇంట్లో, వీధిలో చెప్పడం. ఛానల్‌లో అరిచే గొంతుకూ, మూల ప్రకటనలో ఉన్న నాలుగు పొడి వాక్యాలకూ తేడా అతనికి రెండు తుపానుల్లో పట్టుబడుతుంది. ఈ ఇళ్లలో వార్తలకు అంతకంటే వెంటనే అక్కరకొచ్చే ఉపయోగం మరొకటి లేదు.

విపత్తు వెంటే పుకారు నడిచి వస్తుంది. 2023 జూన్ 2న బాలేశ్వర్ జిల్లా బాహానగా దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగిన రెండు రోజులకే, పట్టాల పక్కనున్న తెల్లని కట్టడం మసీదు అంటూ ఒక చిత్రం ఫోన్లలో తిరిగింది. అది ఇస్కాన్ మందిరం. మతం రంగు పులిమి ప్రచారం చేయవద్దని ఒడిశా పోలీసులు ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. అబద్ధం చెప్పడానికి చిత్రాన్ని కల్పించలేదు, ఉన్న కట్టడానికి తప్పుడు పేరు పెట్టారు, అంతే. అదే ప్రమాదంలో మృతుల సంఖ్య మొదట 288 అన్నారు, కొన్ని మృతదేహాలను రెండుసార్లు లెక్కపెట్టామని 275కు తగ్గించారు, మళ్లీ 288కి వచ్చారు, తర్వాత అదీ పెరిగింది. అంకె మారగానే ‘దాస్తున్నారు’ అనడం తేలిక. ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్య లెక్క ఎలా కలుపుతారో తెలిసినవారు కొంచెం ఆగుతారు. నిజంగా దాచిన చోట నిలదీయడానికి కూడా ఆ తెలివిడే కావాలి. అన్నీ అబద్ధాలే అని పెదవి విరిచే కుర్రవాడిని కొందరు పెద్దలు గడుసువాడని మెచ్చుకుంటారు. అది గడుసుతనం కాదు. పుకారును నమ్మేవాడిలాగే అతనూ ఏదీ పరిశీలించడం లేదు.

బిట్లు, క్విజ్‌లు

పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు వార్తలను బిట్లుగా కోసి అమ్ముతాయి. ‘ఒడిశా 2024 ఎన్నికల్లో మొత్తం స్థానాలు ఎన్ని?’ 147. మార్కు వచ్చింది. తాను ఉండే ఊరు ఏ శాసనసభ స్థానం, ఏ లోక్‌సభ స్థానం కిందికి వస్తుందో ఆ బిట్టులో ఉండదు. పర్లాకిమిడి బరంపురం లోక్‌సభ స్థానంలో ఉంది, గుణుపురం, రాయగడ కోరాపుట్‌లో ఉన్నాయి. కొద్ది దూరంలో ఉన్న బంధువుల పిల్లలకు ఎంపీ వేరు. బిట్లు చదవడం తప్పని ఎవరూ అనరు, ఉద్యోగాలు వాటితోనే వస్తున్నాయి. దాన్ని వార్తా జ్ఞానం అనడం మాత్రం పెళ్లి శుభలేఖ చదివి భోజనం చేశానన్నట్టే.

బడి ప్రార్థన సమయంలో ఒక పిల్లవాడు శీర్షికలు చదివే అలవాటు చాలా చోట్ల ఉంది. అయిదు శీర్షికలకు బదులు ఒకటి చదివి, ‘దీనివల్ల మన ఊరికి ఏమిటి?’ అన్నదానికి మూడు వాక్యాలు చెప్పిస్తే ఖర్చు లేకుండా పద్ధతి మారుతుంది. ‘ఏమీ లేదు’ కూడా సరైన జవాబే, ఎందుకు లేదో చెప్పగలిగితే.

కూర్చుని చూడటానికి ఒక సభ

తెలుసుకోవడం ఒక ఎత్తు. తెలుసుకున్నదానితో ఏదైనా చేయగలమన్న నమ్మకం లేకపోతే పదహారేళ్లవాడు రెండు నెలల్లో విసిగిపోతాడు. ‘నీకెందుకు రాజకీయాలు, చదువుకో’ అన్న మాట ఇంట్లో వినిపిస్తూ ఉంటే ఒక నెల చాలు.

సరిహద్దు జిల్లాలకు ఈ విషయంలో ఒక గొప్ప ఉదాహరణ చేతికందే దూరంలోనే ఉంది, పిల్లలకు దాన్ని చెప్పేవారు తక్కువ. నియమగిరిలో బాక్సైట్ తవ్వకాల మీద 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, అక్కడి డోంగ్రియా కోండు గిరిజనుల మతపరమైన, సామూహిక హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలంది. ఆ ఏడాది రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లెల్లో సభలు పెట్టారు. పన్నెండూ తవ్వకాలు వద్దన్నాయి. ప్రపంచమంతా రాసిన వార్త అది. జరిగింది రాయగడ జిల్లా కొండ పల్లెల్లో, చాప మీద కూర్చున్న మనుషుల మధ్య. ఆ కొండల నీరే వంశధారై కాశీనగర్ దాటుతోంది.

పల్లి సభ ఒడిశా గ్రామ పంచాయతీ చట్టంలో ఉన్న వ్యవస్థ. పల్లె లేదా వార్డు స్థాయిలో ఏటా జరగాలి. ఓటు హక్కు ఉన్నవారే అందులో సభ్యులు. పద్నాలుగేళ్లవారు చేయి ఎత్తలేరు, పక్కన కూర్చుని రాసుకోగలరు. ఎంతమంది వచ్చారు, ఏమేమి అడిగారు, ఏ పని రాసుకున్నారు, మరుసటి ఏడాది సభలో దానికి జవాబు వచ్చిందా. రెండేళ్లు అలా రాసిన నోటుపుస్తకం ఒకటి ఉన్న పల్లెలో పంచాయతీ అధికారి మాట్లాడే తీరు కూడా మారే అవకాశం ఉంది. సభ ఒడియాలో నడుస్తుంది. ఇంటి పెద్దవారికి ఒడియా కార్యాలయ భాష తడబడిన చోట పిల్లలే దుబాసీలు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వంటి పట్టణాల్లో పల్లి సభ ఉండదు, అక్కడ పురపాలక వార్డు కౌన్సిలరు ఉంటారు. చెత్త బండి రాని వీధి గురించి ఆయనకు ఒడియాలో రాసిన ఉత్తరం, పత్రిక సంపాదకుడికి దాని నకలు. ఇంతకంటే పెద్ద ‘భాగస్వామ్యం’ ఆ వయసులో అక్కరలేదు.

పదిహేడు దాటినవారికి మరో పని ఉంది. ఓటు వయసు 1989 నుంచి 18. ఇప్పుడు 17 నిండగానే ఓటరు నమోదుకు ఫారం 6 ముందుగా పెట్టుకోవచ్చు. అర్హతకు ఏడాదిలో నాలుగు తేదీలు లెక్కిస్తారు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. ఎవరి ఇంటి మీదా పార్టీ జెండా లేకుండానే చేయగలిగిన పని ఇది.

వార్త బరువు గురించి కూడా ఒక మాట. రాత్రి తొమ్మిదింటి చర్చలో ఆరుగురు ఒకేసారి అరుస్తుంటే పిల్లవాడు లేచి గదిలోకి వెళ్లిపోవడం ఆరోగ్య లక్షణమే. ఘోర ప్రమాదాల దృశ్యాలు పదేపదే చూపించే ఛానల్ ముందు కూర్చోబెట్టి లోకజ్ఞానం నేర్పుతున్నామనుకోవడం పొరపాటు. చదివిన వార్త నిద్ర చెడగొట్టదు, తెర మీద తిరిగి తిరిగి వచ్చే దృశ్యం చెడగొడుతుంది. పైన చెప్పిన తాతా మనవళ్ల పద్ధతికి ఇది మరో కారణం.

నౌపడ నుంచి గుణుపురం దాకా

మళ్లీ ఒక రోజు, రెండు వార్తలు. 2025 జనవరి 6న ప్రధానమంత్రి ఢిల్లీ నుంచి వీడియో ద్వారా ఒకే కార్యక్రమంలో చర్లపల్లి రైల్వే టెర్మినల్‌ను ప్రారంభించి, రాయగడ రైల్వే డివిజన్ కార్యాలయ భవనానికి శంకుస్థాపన చేశారు. తెలుగు వార్తకు చర్లపల్లి ముఖ్యమైంది, ఒడియా వార్తకు రాయగడ. రాయగడ తెలుగు ఇళ్లలో ఏది ఎక్కువ వినిపించిందో ఊహించడం కష్టం కాదు. నెల తిరిగేసరికి, 2025 ఫిబ్రవరి 7న, కేంద్ర మంత్రివర్గం పాత వాల్తేరు డివిజన్‌ను రెండుగా విడదీయడానికి ఆమోదం తెలిపిన వార్త వచ్చింది. ఒక ముక్క విశాఖపట్నం డివిజన్ పేరుతో కొత్త దక్షిణ కోస్తా రైల్వే జోన్‌లో ఉంటుంది, రెండో ముక్క రాయగడ డివిజన్‌గా తూర్పు కోస్తా జోన్‌లో ఉంటుంది. తెలుగు పత్రికలు విశాఖకు డివిజన్ దక్కిందా లేదా అన్నది రాశాయి. ఒడియా పత్రికలు రాయగడకు ఏమి వచ్చిందో రాశాయి.

ప్రకటన కింది భాగంలో సెక్షన్ల జాబితా ఉంది. నౌపడ–పర్లాకిమిడి విశాఖపట్నం డివిజన్‌కు, పర్లాకిమిడి–గుణుపురం రాయగడ డివిజన్‌కు. 1900లో పర్లాకిమిడి రాజు వేయించిన చిన్న రైలు మార్గం అది. తర్వాత గుణుపురం దాకా పెరిగింది, ఇప్పుడు బ్రాడ్‌గేజ్. ఈ ఏర్పాటు ప్రకారం ఒకే రైలు ఒకే పట్టాల మీద పోతూ పర్లాకిమిడి స్టేషన్‌లో డివిజన్ మారుతుంది, జోన్ కూడా మారుతుంది. గుణుపురం వెళ్లే బండి ఆలస్యమైతే ఫిర్యాదు ఎవరికి రాయాలి, విశాఖకా, రాయగడకా? కొత్త బండి కావాలంటే ఏ జోన్ వారిని అడగాలి? ఆ రైల్లో కాలేజీకి వెళ్లే పిల్లలు టికెట్ కిటికీ దగ్గరే అడిగి తెలుసుకోగల సంగతి ఇది. తెలుసుకున్నాక ఉత్తరం రెండు భాషల్లో రాయవలసి రావచ్చు.